అక్క ఉన్న ఇల్లు

లిసియాతే కొడుకుని అతని అక్క తీసుకుపోయింది. పౌలియాసికి మూడేళ్ళప్పుడు తీసుకుపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇప్పుడు రెండోసారి తీసుకుపోతానంటోంది.

ఆ మాట శనివారం మధ్యాహ్నం, పెరట్లో సులియేతి చేమ లాంటి టారో దుంపలు గీకుతుండగా వచ్చింది. అక్క ఫీపే వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. లిసియాతే పెరటి చివర, బట్టలుతికే షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ మధ్య తీగ మీద దుప్పట్లు ఆరుతున్నాయి. దుప్పట్లు లేకపోయినా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అక్కకీ తమ్ముడికీ నడుమ ఉండవలసిన మర్యాద అది. టోంగా దీవుల్లో పుట్టినవాడు సముద్రం దాటి న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చినంత మాత్రాన దాన్ని వదిలేయడు. లిసియాతే లాంటివాడు అసలే వదలడు. అందుకని ఇద్దరి మాటలూ అతని కూతురు సులియేతి మోయవలసి వచ్చింది.

“మీ నాన్నతో చెప్పు,” అంది ఫీపే. “సోమవారం పొద్దున్నే నేనూ పౌలియాసీ పోలీసుల దగ్గరికి వెళ్తున్నాం. గడువు దాటి ఉండిపోయామని మేమే ఒప్పుకుంటాం. విమానం వాళ్ళే ఎక్కిస్తారు.”

“నాన్నా, అత్త ఏమంటోందంటే...”

“విన్నాను. కుదరదని చెప్పు.”

“అత్తా, నాన్న కుదరదం...”

“నాకూ చెవులున్నాయి. ఎందుకు కుదరదో అడుగు.”

సులియేతి చేతిలో దుంపని గిన్నెలోకి విసిరింది. “దుప్పటికి చెరో పక్కనా కూర్చుని వీధంతా వినబడేట్టు మాట్లాడుకుంటున్నారు. మధ్యలో నేనేమిటి, టెలిఫోను తీగనా?”

“తీగ ఎదురు మాట్లాడదు,” అంది మేనత్త. “నువ్వు మాట్లాడుతున్నావు. చెప్పిన పని చెయ్యి.”

సులియేతి మూతి బిగించి మళ్ళీ దుంప అందుకుంది. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల. బ్యాంకులో పని చేస్తుంది, తెల్లవాళ్ళ మొహం మీదే చూసి మాట్లాడుతుంది. మేనత్త ముందు మాత్రం తల వంచుతుంది. మేనత్త అడిగితే కాదనే నోరు టోంగాలో ఎవరికీ లేదు.

“వాళ్ళంతట వాళ్ళు వెళ్తే తలుపు మూసుకుపోతుందని చెప్పు,” అన్నాడు లిసియాతే. “మళ్ళీ ఈ గడ్డ మీద కాలు పెట్టనివ్వరు. పాదిరిగారు ఓపిక పట్టమన్నారు. ఇరవయ్యేళ్ళ నుంచి ఇక్కడ కష్టపడుతున్నవాడి కొడుకు అని అర్జీ పెడితే ఉండనిచ్చినా ఉండనివ్వచ్చు అన్నారు. వాడు ఎవరి కొడుకో తేల్చి చెప్పాలన్నారు, అంతే.”

“పాదిరిగారికి కాగితాలున్నాయి. కాగితాలున్నవాళ్ళకి ఓపిక బాగానే ఉంటుంది.”

లిసియాతే మెట్టు మీద రాలిన ఆకుని కాలితో పక్కకి నెట్టాడు.

“వెనక వీధిలో గురువారం ఏమైందో మీ నాన్నకి తెలియదా?” ఫీపే గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ పెంచదు. “చర్చిలో పాడే మనిషి. తెల్లారకుండానే తలుపులు బాది, లోపలి బట్టలతో బయటికి ఈడ్చుకొచ్చారు. పెళ్ళాం పిల్లల ముందు. ఎదురింటివాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారట. నా కొడుకుని అలా నిలబెడతారా? నేను బతికుండగానా? చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, నా పక్కన నడిచి వెళ్తాడు వాడు.”

వీధిలో ఏదో కారు నెమ్మదించింది. ముగ్గురూ మాట ఆపేశారు. సులియేతి చేతిలో చాకు దుంప మీద అలాగే ఆగింది. కారు మూల తిరిగి వెళ్ళిపోయిన చప్పుడు వినబడ్డాక కూడా కాసేపు ఎవరూ కదల్లేదు. గురువారం నుంచీ ఈ ఇంట్లో ప్రతి చప్పుడుకీ ఇదే వరస.

“నా కొడుకు,” అన్నాడు లిసియాతే. దుప్పటికి వినబడేట్టు మాత్రమే అన్నాడు.

“ఏమన్నాడు?”

సులియేతి దుంప గీకుతూనే ఉంది.

“ఏమన్నాడో చెప్పు.”

“తన కొడుకు అంటున్నాడు అత్తా.”

లిసియాతే లేచి నిలబడ్డాడు. “ఒకసారి తీసుకుపోయింది. చాలదా అని అడుగు. వాణ్ణి కన్న లోసలీనే పోయేముందు ఎవరి పేరు పిలిచిందో అడుగు. ప్రతి క్రిస్మస్‌కీ వాడి కొలత ఎంతుంటుందోనని గాల్లో చెయ్యెత్తి అంచనా వేసుకుని చొక్కాలు కుట్టేది. ఒక్కటైనా వాడికి సరిపోయిందేమో అడుగు.”

సులియేతి ఇవేవీ అడగలేదు. వంచిన తల ఎత్తలేదు. తీగ మీద దుప్పటి గాలికి ఒకసారి లేచి పడింది. అంతలోనే లిసియాతేకి అవతల అక్క మోకాళ్ళూ, వాటి మీద పెట్టుకున్న చేతులూ కనబడ్డాయి. వెంటనే మొహం తిప్పుకున్నాడు.

“ఒక్కటి అడుగు మీ నాన్నని,” అంది ఫీపే చివరికి. “నేను దొంగనా?”

లిసియాతే షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అక్కకి ఎదురు చెప్పకూడదు. చెప్పకుండా ఉండాలంటే అతనికి తెలిసిన దారి అదొక్కటే.

పౌలియాసి అప్పుడే పక్క సందులోంచి వచ్చాడు. భుజం మీద కట్టెల మోపు, చేతిలో రాళ్ళ బకెట్టు. నేలలో తవ్వి, రాళ్ళు కాల్చి వండే ఆదివారం గుంటపొయ్యికి కావలసినవి. మనిషి గుమ్మం నిండేంత ఉంటాడు. అతన్ని చూడగానే సులియేతి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎదిగిన అన్న ఉన్నచోట చెల్లెలు కూర్చోదు.

“ఏమిటమ్మా, అందరూ ఇలా ఉన్నారు?” అన్నాడు ఫీపేతో. “రాళ్ళు అనవసరంగా మోసుకొచ్చినట్టున్నాను. ఇక్కడ ఇప్పటికే వేడిగా ఉంది. దుంపలు నేరుగా నేల మీద పెట్టేస్తే ఉడికిపోతాయి.”

ఫీపే నవ్వలేదు. సోమవారం సంగతి చెప్పింది. షెడ్డు తలుపు వెనక లిసియాతే విన్నాడు.

లోసలీనే చనిపోయినప్పుడు అక్క పౌలియాసిని వెంటపెట్టుకుని టోంగాలోని హాపాయి దీవుల నుంచి వచ్చింది. చూడవచ్చినవాళ్ళకి మూడు నెలలే అనుమతి. ఆ మూడు నెలలూ అయిపోయాయి. ఈలోగా పౌలియాసిని మాంసం ఫ్యాక్టరీలో పెట్టించాడు లిసియాతే. తండ్రీ కొడుకులు చీకట్లోనే లేచి బస్సు కోసం పక్కపక్కన నిలబడేవాళ్ళు. మాటలుండేవి కావు. కత్తి ఎలా సానబట్టాలో ఒకసారి చూపిస్తే పౌలియాసికి వచ్చేసింది. ఈ కుర్రవాడు ఎవరని మేస్త్రీ అడిగాడు. “కొడుకు” అన్నాడు లిసియాతే. ఆ రోజు మధ్యాహ్నం అతను రెండు చుట్టలు కాల్చాడు.

పౌలియాసి మాత్రం అతన్ని ఏమనీ పిలవడు. పిలవవలసి వచ్చినప్పుడు దగ్గరికి వచ్చి నిలబడతాడు.

“నువ్వు చెప్పు బాబూ,” అంటోంది ఫీపే. “ఉంటావా, వస్తావా?”

బకెట్టు కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత రాళ్ళు ఒక్కొక్కటే బయటికి తీసి పేరుస్తున్న చప్పుడు.

“నువ్వెలా అంటే అలాగే అమ్మా.”

లిసియాతే బట్టలు ఉడకబెట్టే కాగు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఎప్పుడో చల్లారిపోయిన కాగు. అక్కడినుంచి కదలడానికి అతనికి ఎటూ దారి లేదు.

ఆ రాత్రి కూడా తండ్రీ కొడుకులిద్దరూ షెడ్డులోనే పడుకున్నారు, కాగుకి చెరో పక్కనా చాపలు పరుచుకుని. అక్క పడుకున్న ఇంట్లో తమ్ముడు పడుకోడు. చెల్లెలు పడుకున్న ఇంట్లో అన్న పడుకోడు. ఇంట్లో రెండు గదులున్నాయి, ఆడవాళ్ళు ఇద్దరే ఉన్నారు, అయినా అంతే. పక్కింటి తెల్లావిడ ఒకసారి కంచె మీదనుంచి అడిగింది, ఎలకలేమైనా తరిమాయా అని. లిసియాతే తల ఊపి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. ఆవిడకి అర్థమయ్యే జవాబు అతని దగ్గర లేదు.

“సోమవారం వెళ్ళకు,” అన్నాడు చీకట్లో.

పౌలియాసి నిద్రపోలేదు. నిద్రపోయినట్టు ఊపిరి తీశాడు.

ఆదివారం తెల్లారకముందే పౌలియాసి లేచి వెళ్ళి గుంటలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టాడు. రాళ్ళు కాలడానికి చాలాసేపు పడుతుంది. చర్చికి వెళ్ళేముందు ఆకుల పొట్లాలు రాళ్ళ మీద పెట్టి మట్టి కప్పేస్తే, వచ్చేసరికి వంట అయిపోతుంది. పొగ వాసనకి లిసియాతేకి మెలకువ వచ్చింది. ఒక్క క్షణం తాను హాపాయిలో ఉన్నాననుకున్నాడు.

వీధి తలుపు బాదారు.

పెరటి సందులోనుంచీ బూట్ల చప్పుడు వచ్చింది. ముందునుంచి కొందరు, వెనకనుంచి కొందరు. గురువారం కూడా ఇలాగే వచ్చారని అందరూ చెప్పుకున్నారు. షెడ్డు తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు లిసియాతే కళ్ళలో పడింది.

“లే. ఎవరు నువ్వు?”

లిసియాతే పేరు చెప్పాడు. కాగితాలు చొక్కా జేబులోనే ఉన్నాయి. పోలీసు వాటిని తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. కుర్రవాడు. కొంచెం మర్యాదస్తుడిలాగే ఉన్నాడు.

“ఈ ఇల్లు అద్దెకి తీసుకుంది నువ్వేనా?”

“నేనే.”

“మరి బట్టలుతికే చోట పడుకున్నావేమిటి? ఇంట్లో నీకే చోటు లేనంతమందిని దాచావా?”

“లేదు.”

“మరెందుకు?”

“ఇంట్లో మా అక్క ఉంది.”

నోరు జారలేదు. భయపడీ చెప్పలేదు. ఎందుకు ఇక్కడ పడుకున్నావని అడిగితే టోంగా మనిషి చెప్పే జవాబు అదొక్కటే. నీకు రెండు చేతులెందుకున్నాయని అడిగినట్టే అది. జవాబు చెప్పేశాక, పోలీసు మొహం చూశాక గానీ, ఏం చెప్పాడో అతనికి తెలియలేదు.

“అక్క,” అన్నాడు పోలీసు. “ఆవిడ కాగితాలు కూడా చూద్దాం.”

“వద్దు. ఆ గదిలోకి వెళ్ళకండి.” లిసియాతే లేవబోయి కాగుకి కొట్టుకున్నాడు. “నేను కూడా ఆ గదిలోకి వెళ్ళను. మీరెలా వెళ్తారు?”

రెండో పోలీసు అప్పటికే పెరట్లో ఉన్నాడు. టార్చి గుంట మీదికి తిప్పాడు. పొగలో పౌలియాసి బొగ్గు చేతులతో నిలబడి ఉన్నాడు. పారిపోవచ్చు. కంచె నడుమెత్తు కూడా లేదు. పారిపోలేదు.

“వీడెవడు?”

లిసియాతే నోరు తెరిచాడు. వంటింటి తలుపు తెరుచుకుంది.

ఫీపే నల్లబట్టలు కట్టుకుని, పెద్దల ముందుకి వెళ్ళేటప్పుడు టోంగావాళ్ళు చుట్టుకునే చాప నడుముకి చుట్టుకుని, తల దువ్వుకుని ఉంది. జుట్టులో ఒక్క వెంట్రుక కూడా చెదరలేదు. గురువారం నుంచీ ఆవిడ రాత్రుళ్ళు అలాగే పడుకుంటోందని సులియేతికి ఒక్కదానికే తెలుసు. సులియేతి ఆవిడ వెనక దుప్పటి కప్పుకుని నిలబడింది.

“సులియేతీ, వీళ్ళకి ఇంగ్లీషులో చెప్పు,” అంది ఫీపే. “గడువు దాటి ఉన్నది నేను. నన్ను తీసుకెళ్ళమని చెప్పు.”

సులియేతి చెప్పింది.

“ఆ అబ్బాయి ఎవరని అడుగుతున్నారు అత్తా.”

పొయ్యిలో ఒక రాయి చిట్లింది. ఫీపే పౌలియాసి వైపు చూడలేదు, తమ్ముడి వైపూ చూడలేదు.

“మా తమ్ముడి కొడుకు,” అంది. “తండ్రి ఇంట్లో ఉంటున్నాడు. వాడికీ నాకూ ఏ సంబంధమూ లేదని చెప్పు.” సులియేతి ఆ మాటలే ఇంగ్లీషులో చెప్పింది.

“అమ్మా!” అని అరిచాడు పౌలియాసి తమ భాషలో.

“ఏమంటున్నాడు?” అన్నాడు పోలీసు.

సులియేతి ఒక్క ఊపిరి ఆలస్యం చేసింది. “మేనత్తని పిలుస్తున్నాడు,” అంది. పుట్టి బుద్ధెరిగాక ఆదివారం పూట ఆమె తనంతట తాను చెప్పిన మొదటి అబద్ధం అది.

పోలీసులు ఇల్లంతా చూశారు. రెండు గదులూ, రెండు పరుపులూ ఉన్నాయి. ఇంకెవరూ లేరు. వాళ్ళకింకా వేరే ఇళ్ళున్నాయి, చేతిగడియారాలు చూసుకుంటున్నారు. సోమవారం ఈ అబ్బాయి కాగితాలు పట్టుకుని తండ్రీ కొడుకులిద్దరూ స్టేషనుకి రావాలన్నారు. రాకపోతే తామే వస్తామన్నారు.

ఫీపే పెరట్లోంచే నడిచింది. దారి షెడ్డు పక్కనుంచే. లిసియాతే వెనక్కి తగ్గి, తల వంచి దారి ఇచ్చాడు. ఆవిడ ఒక్కసారి ఆగింది. ఇన్ని నెలల్లోనూ మధ్యలో ఎవరూ లేకుండా అతనితో అన్న మాట అదొక్కటే.

“రాళ్ళు కాలాయి. దుంపలు పెట్టించు.”

కారు తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది. ఎదురింటి కిటికీ పరదా కదిలి సర్దుకుంది.

దుంపలు ఎవరూ పెట్టలేదు. పొగ మెల్లగా పలచబడింది. సులియేతి మెట్టు మీద కూర్చుని మొహం దుప్పట్లో దాచుకుని ఏడ్చింది. పౌలియాసి పంపు దగ్గర చేతులు కడుక్కున్నాడు. బొగ్గు పోయాక కూడా కడుక్కుంటూనే ఉన్నాడు. తర్వాత షెడ్డులోకి వెళ్ళి చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని, సంచీ పట్టుకుని బయటికి వచ్చాడు.

“ఎక్కడికి?” అన్నాడు లిసియాతే.

“అమ్మ దగ్గరికి.”

“రేపు వెళ్దాం. ఇద్దరం కలిసి వెళ్దాం. పాదిరిగారిని తీసుకుని వెళ్దాం.”

“రేపటికి ఆవిడ విమానంలో ఉండచ్చు.”

“నిన్నిక్కడ ఉంచడానికేగా ఆవిడ వెళ్ళింది!” సులియేతి లేచి నిలబడింది. అన్న కళ్ళలోకి సూటిగా చూసింది. చిన్నప్పటి నుంచీ చేయకూడదని నేర్చుకున్న పని అది. “సంబంధం లేదని అనిపించుకుంది. నాచేత అనిపించింది. ఆ మాట నా నోటితో అన్నాను నేను. ఇప్పుడు సంచీ పట్టుకుని వెనకాలే వెళ్తావా? ఆవిడ వెళ్ళింది ఊరికేనా?”

“నువ్వు లోపలికి వెళ్ళు,” అన్నాడు పౌలియాసి నేల చూస్తూ.

“వెళ్ళను. మర్యాదంతా పాటించే ఇక్కడికి తెచ్చుకున్నాం. నాన్న షెడ్డులో పడుకోబట్టేగా వాళ్ళకి అనుమానం వచ్చింది. నాన్నా, నువ్వైనా చెప్పు. అత్త అన్నని నీకు తిరిగి ఇచ్చేసి వెళ్ళిందని చెప్పు.”

లిసియాతే గుంటలో రాళ్ళని చూస్తున్నాడు. ఎర్రగా ఉన్నవి బూడిదరంగుకి తిరుగుతున్నాయి.

పౌలియాసి సంచీ కింద పెట్టలేదు. దగ్గరికి వచ్చి, అలవాటుగా, పిలవకుండా నిలబడ్డాడు.

“ఒక్క మాట చెప్పండి. చెబితే ఉంటాను, లేకపోతే వెళ్తాను. రేపు స్టేషనులో మీరు నన్ను ఎవరి కొడుకంటారో నాకు అక్కర్లేదు. నాకు చెప్పండి. నన్ను ఆవిడ తీసుకుపోయిందా? మీరు ఇచ్చారా?”

సులియేతి ఏడుపు ఆపింది.

“మీరే ఇచ్చారని చెప్పింది ఆవిడ. తను అడిగితే ఇచ్చారంది. నన్ను దొంగిలించావని నేనెప్పుడూ అనలేదు, దొంగిలించలేదని ఆవిడే చెప్పుకునేది. పడవ దాకా మీరే ఎత్తుకొచ్చారట. కన్నతల్లి ఇంట్లోంచి బయటికి రాలేదట. నిజమేనా?”

హాపాయిలో నీళ్ళు ఆ రోజు మోకాళ్ళ దాకా ఉన్నాయి. పిల్లవాడు పడవ ఎక్కుతున్నందుకు నవ్వాడు. తన చేతుల్లోంచి అక్క చేతుల్లోకి అందించడానికి ఎంతసేపు. ఒడ్డున ఇంట్లో లోసలీనే చాప మీద బోర్లా పడుకుని ఉంది. అతను వెనక్కి వచ్చాక కూడా లేవలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఎందుకిచ్చావని అడగలేదు.

“చెప్పండి,” అన్నాడు పౌలియాసి.

లిసియాతే వంగి పార అందుకున్నాడు. పక్కన పోసి ఉన్న మట్టిని గుంటలోకి తోశాడు. లోపల దుంపలు లేవు, పొట్లాలు లేవు. ఉత్త రాళ్ళ మీద మట్టి పడి పొగ లేచింది. మళ్ళీ ఒక పార తోశాడు.

“నాన్నా!” అంది సులియేతి.

“ఆ సంగతి నేను మాట్లాడను.”

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?”

“ఇవాళ మాట్లాడను. రేపు వాళ్ళు అడిగినా మాట్లాడను. వీడు ఉన్నా అంతే, వెళ్ళినా అంతే. నా నోట ఆ మాట ఇక రాదు.”